పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్పు: వేగం ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పెరగదు

క్లుప్తంగా: పాత ల్యాప్‌టాప్ మందగించడానికి చాలా సందర్భాల్లో ప్రాసెసర్ కంటే హార్డ్ డిస్కే పెద్ద కారణం. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచే నిల్వ పరికరం) వేస్తే యంత్రం ఆన్ కావడంలో, ప్రోగ్రాములు తెరుచుకోవడంలో తేడా వెంటనే తెలుస్తుంది. ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమరీ) పెంచడం వల్ల ఫలితం దక్కేది ఉన్న ర్యామ్ చాలనప్పుడే. ఈ రెండు మార్పులూ ప్రాసెసర్ లెక్కలు చేసే వేగాన్ని పెంచవు, విండోస్ 11కు అర్హత లేని యంత్రానికి ఆ అర్హతనూ తెచ్చిపెట్టవు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టి కొత్తది కొనాలా, లేక ఉన్నదానికే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చి మరికొన్నేళ్లు నెట్టుకురావాలా అన్న ప్రశ్న దాంతో చాలామంది ముందుకు వచ్చింది. అదే ఏడాది చివరి నెలల్లో మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరగడంతో, అంతకుముందు పెద్దగా ఆలోచించకుండా చేయించుకున్న ఈ చిన్న మార్పు కూడా లెక్క చూసుకోవలసిన ఖర్చయింది.

ఈ విషయంలో రెండు సలహాలు ఎప్పటినుంచో చలామణిలో ఉన్నాయి. ర్యామ్ పెంచితే చాలునని ఒకటి, ఎస్‌ఎస్‌డీ వేస్తే పాతది కొత్తదైపోతుందని మరొకటి. రెండూ కొన్ని యంత్రాల విషయంలో అక్షరాలా నిజం, మరికొన్నింటి విషయంలో డబ్బు దండగ. ఏ యంత్రానికి ఏది వర్తిస్తుందో తేలాలంటే, అది మొరాయిస్తున్న క్షణంలో దేనికోసం ఎదురుచూస్తోందో తెలియాలి.

ప్రాసెసర్ ఖాళీగా కూర్చునే క్షణాలు

కంప్యూటర్ కదలడం లేదని విసుగు పుట్టే సమయంలో ప్రాసెసర్ చాలాసార్లు పని లేకుండానే ఉంటుంది. అడిగిన సమాచారం చేతికి వచ్చేదాకా అది చేయగలిగింది ఏమీ లేదు. ర్యామ్ నుంచి ఆ సమాచారం రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి రావడానికి సుమారు 100 మైక్రోసెకన్లు, అంటే వెయ్యి రెట్లు. హార్డ్ డిస్క్ నుంచైతే 10 మిల్లీసెకన్లకు పైమాటే, అంటే లక్ష రెట్లకు తక్కువ కాదు. ర్యామ్ జవాబుకు ఒక సెకను పడుతుందనుకుని ఇవే నిష్పత్తులను చూస్తే, ఎస్‌ఎస్‌డీ జవాబుకు పావుగంట దాటుతుంది, హార్డ్ డిస్క్ జవాబుకు ఒక పగలూ రాత్రీ గడిచిపోతాయి.

పాత ల్యాప్‌టాప్‌కు చేసే ఏ మార్పు ఫలితమైనా ఈ మూడు అంకెల మధ్య దూరం మీదే ఆధారపడి ఉంటుంది.

హార్డ్ డిస్క్ దగ్గర ఏం జరుగుతోంది

ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వాడిన హార్డ్ డిస్కుల పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే అయిదున్నర మిల్లీసెకన్లు ఆగాలి. అంతకుముందు ఆ ముల్లు సరైన వరుస మీదికి జరగాలి కాబట్టి దానికి మరో 12 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మొత్తం కలిపితే ఒక్కో చిన్న ముక్క చదవడానికి 17 నుంచి 18 మిల్లీసెకన్లు. సెకను మొత్తంలో అలాంటివి 60కి మించి చదవడం దానికి కష్టం.

పెద్ద సినిమా ఫైలును వరుసగా కాపీ చేసేటప్పుడు ఈ లోపం బయటపడదు. ముల్లు ఒకే వరుస వెంబడి సాగిపోతుంది కనుక అదే డిస్క్ సెకనుకు 100 మెగాబైట్ల దాకా ఇవ్వగలదు. ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవడం అలాంటి పని కాదు. వేలకొద్దీ చిన్న ఫైళ్లు, డిస్కులో ఒక్కొక్కటి ఒక్కో మూల. ఒక్కో విన్నపానికి 4 కిలోబైట్ల చొప్పున సెకనుకు 60 విన్నపాలు అనుకుంటే వచ్చేది 240 కిలోబైట్లు. 100 మెగాబైట్ల డిస్క్ ఆ క్షణంలో తన సామర్థ్యంలో నాలుగు వందలవ వంతు పనే చేస్తోందన్న మాట.

దీన్ని స్వయంగా చూడవచ్చు. హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను ఆన్ చేసి, డెస్క్‌టాప్ కనిపించగానే, ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే, డిస్క్ అన్న నిలువు వరుసలో 100 శాతం అని ముదురు రంగులో కనిపిస్తుంది. కింద ఒక్కో ప్రోగ్రామ్ పక్కనున్న అంకెలన్నీ కూడినా చాలాసార్లు సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లు దాటవు. ప్రాసెసర్ వరుసలో ఇరవయ్యో ముప్పయ్యో శాతం ఉంటుంది. యాంటీవైరస్, అప్‌డేట్లు, ఫైళ్ల సూచిక తయారీ, క్లౌడ్ నిల్వ ప్రోగ్రామ్ అన్నీ ఒకేసారి డిస్కును అడుగుతుంటాయి. ఒక్క గుమాస్తా ఉన్న కౌంటర్ ముందు చాంతాడంత క్యూ, అందులో ఒక్కొక్కరికీ ఒక్కో గదిలో ఉన్న ఫైలు కావాలి. గుమాస్తా క్షణం కూడా కూర్చోడు, క్యూ మాత్రం కదలదు.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, జరిగే ముల్లు లేదు. సమాచారం ఫ్లాష్ చిప్‌లలో ఉంటుంది, ఏ మూలనున్నదైనా దాదాపు ఒకే సమయంలో అందుతుంది. హార్డ్ డిస్క్ తగిలించే సాటా అనే తీగకే తగిలే సాధారణ ఎస్‌ఎస్‌డీ సైతం సెకనుకు పదుల వేల చిన్న విన్నపాలకు జవాబివ్వగలదు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ముద్రించేది మాత్రం వరుసగా చదివే వేగం. సాటా మూడో తరంలో అది సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది, ఎందుకంటే ఆ తీగకున్న సిద్ధాంతపరమైన పరిమితే 600. హార్డ్ డిస్కుతో పోలిస్తే ఇది అయిదారు రెట్లే. రోజువారీ వాడకంలో కనిపించే తేడాకు అసలు కారణం 60 ఎక్కడ, పదుల వేలు ఎక్కడ అన్న రెండో లెక్క.

రెండు విషయాలు దీన్నిబట్టే తేలతాయి. సాటా రెండో తరం తీగ ఉన్న బాగా పాత ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ వరుస వేగం సెకనుకు 300 మెగాబైట్ల లోపే ఉంటుంది. అయినా చిన్న విన్నపాల్లో లాభం చాలావరకు దక్కుతుంది కాబట్టి మార్పు వృథా కాదు. మరోవైపు, ఇప్పటికే సాటా ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రంలో సాటా కంటే వేగవంతమైన ఎన్‌వీఎంఈ పద్ధతిలో సెకనుకు 3,500 మెగాబైట్లు చదివే ఎస్‌ఎస్‌డీ వేస్తే, పెద్ద వీడియో ఫైళ్లతో పనిచేసేవారికి తప్ప మిగతావారికి తేడా కొన్ని సెకన్లకు మించదు. మొదటిసారి హార్డ్ డిస్క్ తీసేసినప్పుడు కలిగిన ఆశ్చర్యం రెండోసారి దొరకదు.

ర్యామ్ చాలనప్పుడు

నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ ర్యామ్ ఉన్నట్టు ప్రోగ్రాములను నమ్మించే పద్ధతి కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1962లో పని మొదలుపెట్టిన అట్లాస్ కంప్యూటర్‌లోనే ఈ వర్చువల్ మెమరీ ఉంది. నేటి ల్యాప్‌టాప్‌లు కూడా అదే దారిలో, ర్యామ్ నిండినప్పుడు కొంతసేపుగా ముట్టుకోని భాగాలను 4 కిలోబైట్ల పేజీల చొప్పున డిస్కు మీదికి పంపి, మళ్లీ అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటాయి. పంపిన పేజీ వెంటనే అవసరం పడకపోతే ఇబ్బంది ఉండదు. తెరిచిన ప్రోగ్రాములకు నిత్యం కావలసిన పేజీలు ర్యామ్‌లో పట్టకపోతే, ఒకటి తెచ్చేందుకు మరొకటి పంపడం, పంపినదాన్నే మరుక్షణం మళ్లీ తేవడం అనే చక్రం మొదలవుతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెన్నింగ్ 1968లో థ్రాషింగ్ పేరుతో విశ్లేషించిన స్థితి ఇదే. ఈ స్థితిలో వేగం కొద్దికొద్దిగా తగ్గదు, ఒక హద్దు దాటగానే కుప్పకూలుతుంది. పన్నెండు ట్యాబ్‌ల దాకా బాగానే నడిచిన బ్రౌజర్ పదమూడో ట్యాబ్ తెరవగానే బిగుసుకుపోవడం వెనుక ఉన్నది చాలాసార్లు ఇదే.

పేజీలు వెళ్లి వచ్చే చోటు హార్డ్ డిస్క్ అయితే నరకమే. ఎస్‌ఎస్‌డీ అయితే ప్రతి రాకపోకా దాదాపు నూరోవంతు సమయంలో ముగుస్తుంది కాబట్టి ర్యామ్ కొరత కొంత మరుగున పడుతుంది. కొరత తీరినట్టు మాత్రం కాదు. ఎస్‌ఎస్‌డీ మీద రాతల భారం పెరుగుతుంది, ట్యాబ్‌ల మధ్య మారేటప్పుడు చిన్న చిన్న తడబాట్లు మిగిలే ఉంటాయి.

కొరత ఉందో లేదో తేల్చుకోవడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ ఊరికే వదిలేయదు, ఇటీవల చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది. అందువల్ల ఖాళీ ర్యామ్ తక్కువగా కనిపించినంత మాత్రాన కొరత ఉన్నట్టు కాదు. రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి, వాడకంలో ఉన్న ర్యామ్ తొంభై శాతం చుట్టూ నిలిచి, అదే సమయంలో డిస్క్ కూడా తీరిక లేకుండా ఉంటే అప్పుడు కొరత నిజమైనది. 8 జీబీలో 5 జీబీతో సరిపోయే వాడకం ఉన్న యంత్రానికి 16 జీబీ వేస్తే, కొత్తగా చేరిన భాగం చాలావరకు అలా ఫైళ్లను దాచుకోవడానికే పనికొస్తుంది. నేటి ఆపరేటింగ్ సిస్టమ్, నేటి బ్రౌజర్‌తో 4 జీబీ ఇరుకు, సాధారణ కార్యాలయ పనికి 8 జీబీ చాలు. వీడియో కాల్, డజన్ల ట్యాబ్‌లు, ఫొటోల దిద్దుబాటు ఒకేసారి నడిచేచోట 16 జీబీ అర్థవంతమైన ఖర్చు.

ఒకే ర్యామ్ కార్డు ఉన్న చోట రెండోది చేర్చితే పరిమాణంతోపాటు మరో లాభం ఉంది. ఒక్కో కార్డుకు 64 బిట్ల దారి ఉంటుంది. రెండూ కలిస్తే దారి వెడల్పు రెట్టింపవుతుంది. పాత ల్యాప్‌టాప్‌లలోని డీడీఆర్3-1600 అనే ర్యామ్ రకంలో సెకనుకు 12.8 గిగాబైట్ల సామర్థ్యం 25.6కు చేరుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ భాగం కూడా ఇదే ర్యామ్‌ను పంచుకుంటుంది కనుక ఆటల్లో తేడా స్పష్టంగా ఉంటుంది. ఉత్తరం టైప్ చేసేవారికి అది తెలియను కూడా తెలియదు.

32 బిట్ల విండోస్ నడుస్తున్న పాత యంత్రాల్లో ఎంత ర్యామ్ వేసినా 4 జీబీకి మించి వాడకంలోకి రాదు. ముందు 64 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారితే తప్ప ఆ ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే.

ఏ యంత్రంలో ఏది పడుతుంది

ల్యాప్‌టాప్ ర్యామ్ కార్డులు తరానికొక రకం. డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. అంచున ఉండే గాటు కూడా ఒక్కో తరంలో ఒక్కో చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి దూరదు. చిక్కు వచ్చేది ఒకే ఆకారం ఉన్న డీడీఆర్3, డీడీఆర్3ఎల్ మధ్య. మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులది. 2013లో వచ్చిన నాలుగో తరం ఇంటెల్ కోర్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల రకమే కావాలి. ఆ రకం సాధారణంగా 1.5 వోల్టుల వద్ద కూడా పనిచేస్తుంది కనుక సందేహం ఉన్నచోట డీడీఆర్3ఎల్ తీసుకోవడం క్షేమం. వేర్వేరు వేగాల కార్డులు కలిపి వేస్తే రెండూ తక్కువ వేగానికే నడుస్తాయి. మొత్తం ఎంత వేయవచ్చన్నది ప్రాసెసర్‌లోని మెమరీ నియంత్రణ భాగం నిర్ణయిస్తుంది. రెండు స్లాట్లున్న డీడీఆర్3 కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి స్లాట్‌కు 8 జీబీ చొప్పున 16 జీబీయే హద్దు.

అసలు స్లాటే లేని యంత్రాలూ ఉన్నాయి. యాపిల్ 2012లో తెచ్చిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్ చిప్‌లను మదర్‌బోర్డుకే అతికించింది. పలుచని ల్యాప్‌టాప్‌లలో ఈ పద్ధతి తర్వాత మామూలైపోయింది. చౌక రకాల్లో నిల్వకు వాడే 32, 64 జీబీల ఈఎంఎంసీ చిప్‌లదీ ఇదే పరిస్థితి. విప్పి మార్చుకునే వీలున్న కొత్త తరహా కార్డుకు జెడెక్ సంస్థ 2023 డిసెంబరులో క్యామ్2 ప్రమాణాన్ని ప్రచురించింది గానీ, అది పాత యంత్రాలకు పనికొచ్చేది కాదు.

నిల్వ విషయంలో రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ ఉన్న చోట సాటా ఎస్‌ఎస్‌డీ అదే మరల్లో నిలుస్తుంది. పాత డిస్క్ మందం 9.5 మిల్లీమీటర్లు, కొత్తది 7 అయితే మధ్యలో ప్లాస్టిక్ చట్రం పెడితే సరిపోతుంది. సన్నని కార్డులాంటి ఎస్‌ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో మాత్రం ఆకారం చూసి మోసపోయే ప్రమాదం ఉంది. ఆ సన్నని కార్డుల్లో సాటా భాష మాట్లాడేవీ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ భాష మాట్లాడేవీ ఉన్నాయి. స్లాట్‌కు వచ్చిన భాషే కార్డుకూ రావాలి. కార్డు పరిమాణంగా ఇచ్చే 2280 అన్న అంకె 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవును చెబుతుంది, 2242 అయితే పొడవు 42. ఎన్‌వీఎంఈ తొలి నిర్దేశం వచ్చిందే 2011లో. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో యంత్రాన్ని మొదట నడిపించే బయోస్ ప్రోగ్రామ్‌కు ఎన్‌వీఎంఈ కార్డు నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టడం సాధారణంగా తెలియదు.

డీవీడీ డ్రైవ్ తీసి ఆ ఖాళీలో చట్రంతో రెండో డిస్క్ పెట్టుకునే ఏర్పాటు కూడా వాడుకలో ఉంది. అలా చేసేటప్పుడు ఎస్‌ఎస్‌డీని అసలు డిస్క్ స్థానంలో, పాత హార్డ్ డిస్కును డీవీడీ స్థానంలో ఉంచడం మేలు. డీవీడీ వైపు తీగ కొన్ని నమూనాల్లో తక్కువ వేగానిది.

ఎస్‌ఎస్‌డీల్లో తేడాలు

ఫ్లాష్ చిప్‌లో ఒక్కో గదిలో ఎన్ని బిట్లు దాస్తారన్నదాన్నిబట్టి ఎస్‌ఎస్‌డీల స్వభావం మారుతుంది. టీఎల్‌సీలో మూడు, క్యూఎల్‌సీలో నాలుగు. బిట్లు పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది, రాసే వేగమూ మన్నికా కూడా తగ్గుతాయి. దీన్ని కప్పిపుచ్చడానికి కొంత భాగాన్ని గదికి ఒకే బిట్ చొప్పున తాత్కాలికంగా వాడతారు. అది నిండేదాకా రాత వేగంగా సాగి, నిండగానే పడిపోతుంది. చౌక క్యూఎల్‌సీ రకాల్లో పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే మొదట పరుగు, తర్వాత హార్డ్ డిస్క్ కంటే తక్కువ వేగం కనిపించడానికి కారణం ఇదే. ఆన్ కావడం, ప్రోగ్రాములు తెరవడం ప్రధానంగా చదివే పనులు కనుక పాత ల్యాప్‌టాప్‌కు ఈ లోపం అంతగా అడ్డు రాదు.

ఫ్లాష్‌లో రాసినదాని మీదే మళ్లీ రాయడం కుదరదు, ముందు ఒక పెద్ద భాగాన్ని మొత్తంగా చెరిపేయాలి. ఏ భాగాలు అక్కర్లేదో ఎస్‌ఎస్‌డీకి ముందే చెప్పే ట్రిమ్ ఆదేశం విండోస్‌లో 2009 నాటి విండోస్ 7తో వచ్చింది. ఎస్‌ఎస్‌డీని అంచుదాకా నింపితే చెరిపి సర్దుకునే చోటు తగ్గి వేగం పడిపోతుంది. పదో పదిహేనో శాతం ఖాళీ ఉంచే అలవాటు వెనుక ఉన్న కారణం అదే. హార్డ్ డిస్క్ పోయే ముందు టకటకమనే చప్పుడుతో ఒక్కోసారి హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌డీ చప్పుడు లేకుండా ఒక ఉదయం కనబడకుండా పోగలదు. కాబట్టి బ్యాకప్ అవసరం ఎస్‌ఎస్‌డీతో తగ్గదు.

మార్చే పనిలో మెలకువలు

ఛార్జర్ తీసి, యంత్రాన్ని పూర్తిగా ఆపి, వెనుక మూత విప్పగానే బ్యాటరీ తీగను ఊడదీయడం మొదటి పని. ర్యామ్ కార్డును స్లాట్‌లోకి దాదాపు 30 డిగ్రీల వాలులో నెట్టాలి. బంగారు రంగు గీతలు దాదాపుగా కనిపించకుండా పోయాక కిందికి నొక్కితే రెండు వైపులా క్లిప్పులు టక్కుమని పడతాయి. గీతలు ఇంకా బాగా కనిపిస్తుండగానే నొక్కితే కార్డు నిలిచినట్టే ఉంటుంది, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. ర్యామ్ పాడైందని తిరిగి ఇచ్చేసే ముందు ఒకసారి తీసి మళ్లీ గట్టిగా పెట్టి చూడటం మంచిది. కొత్త కార్డును గుర్తించడానికి కొన్ని యంత్రాలు మొదటిసారి ఎక్కువ సమయం తీసుకుంటాయి కూడా.

పాత డిస్కులోని సమస్తాన్నీ యూఎస్‌బీ తీగ ద్వారా ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయవచ్చు, లేదా ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా వేసుకోవచ్చు. క్లోన్ చేస్తే ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త కూడా వెంట వస్తుంది. కొత్తగా వేస్తే ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించాలి. ఏ దారి ఎంచుకున్నా, డిస్కులోని ఫైళ్లకు తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే రాసి పెట్టుకోకపోతే సొంత ఫైళ్లకే తాళం పడుతుంది.

మారనివి

ఒక పనిలో కొంత భాగాన్నే వేగవంతం చేస్తే మొత్తం మీద దక్కే లాభానికి హద్దు ఉంటుందని కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్డాల్ 1967లో వాదించారు. నిమిషం పట్టే పనిలో 45 సెకన్లు డిస్కు కోసం ఎదురుచూపు, 15 సెకన్లు లెక్క అనుకుంటే, డిస్క్ ఎంత వేగవంతమైనా ఆ 15 సెకన్లు తగ్గవు. వీడియోను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చడంలో దాదాపు మొత్తం లెక్కే కనుక అక్కడ ఎస్‌ఎస్‌డీ ప్రభావం నామమాత్రం. బరువైన వెబ్‌సైట్లు రెండు కోర్ల పాత ప్రాసెసర్ మీద నెమ్మదిగానే తెరుచుకుంటాయి. గాలి దారిలో దుమ్ము పేరుకుని, వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరి, ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటున్న యంత్రానికి ముందు కావలసింది శుభ్రం చేయడం.

విండోస్ 11కు కనీసం కావలసిన ర్యామ్ 4 జీబీ, నిల్వ 64 జీబీ మాత్రమే. పాత ల్యాప్‌టాప్‌లు ఆగిపోతున్నది అక్కడ కాదు. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, యంత్రం మొదలయ్యేటప్పుడు నమ్మదగిన ప్రోగ్రాములనే నడవనిచ్చే సెక్యూర్ బూట్, ఆమోదిత ప్రాసెసర్ల జాబితా అడ్డు వస్తున్నాయి. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో కొద్ది మినహాయింపులు తప్ప ఆ జాబితా ఎనిమిదో తరంతో మొదలవుతుంది. అంతకంటే పాతదానికి ఎంత ఖర్చు పెట్టినా అధికారికంగా విండోస్ 11 రాదు. వ్యక్తిగత వాడకందారులకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్ల ఏర్పాటును మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ తర్వాతి కాలానికి పాత యంత్రాల ముందున్న ప్రధాన మార్గం లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, దానికి 8 జీబీ ర్యామ్, సాటా ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ ధారాళంగా సరిపోతుంది.

ధరల ఒత్తిడి

మెమరీ ధరల పెరుగుదలకు మూలం కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ. అక్కడి చిప్‌లకు అవసరమైన హెచ్‌బీఎం అనే అతివేగపు మెమరీని ప్రధానంగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే తయారు చేస్తున్నాయి. సాధారణ ర్యామ్‌నూ అవే, అవే కర్మాగారాల్లో చేస్తాయి. ఒకే పరిమాణం మెమరీకి హెచ్‌బీఎం చిప్‌లు తయారయ్యే సిలికాన్ పళ్లేలను (వేఫర్లను) దాదాపు మూడు రెట్లు మింగుతుంది కాబట్టి అటు మళ్లిన ప్రతి పళ్లెం ఇటు కొరతను పెంచుతుంది. వినియోగదారులకు నేరుగా ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఎస్‌ఎస్‌డీల్లోని ఫ్లాష్ చిప్‌ల మీదా ఇదే గిరాకీ ప్రభావం చూపుతోంది.

ఖర్చు ఒక్కదానికే కుదిరే స్థితిలో, హార్డ్ డిస్క్ ఉన్న యంత్రానికి ర్యామ్ 4 జీబీ ఉన్నా 8 జీబీ ఉన్నా ఎస్‌ఎస్‌డీదే మొదటి స్థానం. ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉండి 4 జీబీతో సతమతమవుతున్నప్పుడు ర్యామ్‌ది. ఇందులో మరో లెక్క కూడా ఉంది. ఆ ల్యాప్‌టాప్ రెండేళ్లకు మూలపడితే అందులోని సాటా ఎస్‌ఎస్‌డీని తీసి, యూఎస్‌బీ పెట్టెలో బిగించి ఏ కంప్యూటర్‌కైనా తగిలించుకోవచ్చు. డీడీఆర్3 ర్యామ్ కార్డు మాత్రం అదే కాలపు మరో ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా పట్టదు.